లారీకి డబ్బుంది, వాషర్‌కు లేదా?

ఈసారి పోస్టు పొడవే. కోపం తెప్పించే మాటలు కూడా ఉన్నాయి. తిట్టదలుచుకున్నవాళ్లు కింద నిరభ్యంతరంగా తిట్టండి. ఆ ముందు ఒక్కసారి లేచి, మీ బాత్రూంలోకి వెళ్లి, కట్టేసి ఉన్న షవర్ కింద చెయ్యి పెట్టి చూసి రండి. చెయ్యి తడిస్తే ఈ పోస్టు మీ కోసమే.

మన సంఘంలో ఉగాది సభ అయినా, సంక్రాంతి ముగ్గుల పోటీ అయినా తెలుగు గంగ ప్రస్తావన రాకుండా ముగియదు. మద్రాసు దాహం తీర్చింది కృష్ణమ్మ అని ఒకరు మైకులో అంటారు. అందరం చప్పట్లు కొడతాం. మంచిదే. గర్వపడాల్సిన సంగతే. కానీ 400 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చిన ఆ నీళ్లు మన మూడో అంతస్తు బాత్రూంలో రాత్రంతా టప్పు టప్పుమని మోరీలోకి పోతుంటే, 'చుక్కే కదండీ' అనే నోరూ ఆ చప్పట్లు కొట్టిన మనిషిదే. మా గొడవంతా ఆ నోటితోనే.

మేం చెప్పేది ఒక్కటే. మద్రాసులో కారే షవర్ ఎవరి సొంత వ్యవహారమూ కాదు. అది అపార్ట్‌మెంట్ మొత్తం వ్యవహారం. దాన్ని కనిపెట్టడం కష్టం కాదు, బాగుచేయడం ఖరీదు కాదు. అయినా చేయకపోవడానికి మిగిలిన కారణం ఒకటే: ఆ నష్టం ఎవరి పద్దులోనూ కనబడదు.

పద్దు అన్నాం కాబట్టి తెలుగు గంగతోనే మొదలుపెడదాం.

మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తే మద్రాసుకు 15 టీఎంసీలు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉండగా కుదిరిన ఒప్పందంలో సరిహద్దు దగ్గర అప్పగించాల్సింది మాత్రం 12 టీఎంసీలు. మిగిలిన 3 దారిలో ఆవిరికీ ఇంకుడుకూ పోతాయని ముందే లెక్క వేసుకున్నారు. గమనించండి, అంత పెద్ద పథకం కాగితం మీద కూడా 'నష్టం' అని ఒక పద్దు ఉంది. ఎంత పోతుందో రాసుకున్నారు. మన అపార్ట్‌మెంట్ల లెక్కల పుస్తకాలు తీయండి. లారీ నీళ్ల ఖర్చు ఉంటుంది, మోటారు కరెంటు ఖర్చు ఉంటుంది, దీపావళికి వాచ్‌మన్‌కు ఇచ్చిన మామూలు కూడా ఉంటుంది. కారిపోయిన నీళ్లకు పద్దు ఉందా? ఒక్కదాంట్లో చూపించండి.

ఇంకో మాట. 1996లో ఆ నీళ్లు మొదటిసారి తమిళనాడు సరిహద్దు దాటాయి. అయితే కండలేరు నుంచి వచ్చే కాలువ మట్టికట్టలు కోసుకుపోయి, నీళ్లు దారిలోనే ఇంకిపోయి, అనుకున్నంత నీరు పూండి చేరలేదు. అప్పుడేం చేశారు? 2000 దశకం మొదట్లో శ్రీ సత్యసాయి ట్రస్టు ఆ కాలువ బాగుచేయించే పని తలకెత్తుకుంది. కట్టలు గట్టిపరిచి, లైనింగ్ వేయించారు. 2004 నాటికి పని పూర్తయి ఆ కాలువకు సత్యసాయి గంగ అని పేరు వచ్చింది. కొత్త నదిని తేలేదు. కారే చోటు పూడ్చారు, అంతే. నగరానికి అందే నీళ్లు పెరిగాయి. అంత పెద్ద కాలువకు పనికొచ్చిన ఆ వైద్యం మన బాత్రూం గోడలోని అరంగుళం పైపుకు పనికిరాదా?

2019 ఎండాకాలం మర్చిపోయినవాళ్లకు ఒకసారి గుర్తుచేస్తాం. పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం, నాలుగూ ఎండిపోయాయి. జులై 12న జోలార్‌పేట నుంచి నీళ్ల రైలు విల్లివాక్కం వచ్చింది. 50 వ్యాగన్లు, ఒక్కో ట్రిప్పుకు 25 లక్షల లీటర్లు. మంత్రులు వెళ్లి స్వాగతం పలికారు. నీళ్లకు స్వాగతం పలికిన ఊరండీ మనది! హోటళ్లు మధ్యాహ్నం భోజనం మానేశాయి, ఓ.ఎం.ఆర్. మీద కొన్ని ఐటీ కంపెనీలు ఉద్యోగుల్ని ఇంటి నుంచే పని చేసుకోమన్నాయి. వీధి చివర రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరసగా పెట్టి ఆడవాళ్లు అర్ధరాత్రి దాకా లారీ కోసం కాచుకున్నారు. ఆ వరసలో మన ఇళ్లలో గిన్నెలు తోమే అక్కలు ఉన్నారు. రాత్రి రెండింటి దాకా నీళ్లకు నిలబడి, పొద్దున్నే ఆరింటికి మన ఇంటికి వచ్చి, మన కారే షవర్ కింద బాత్రూం కడిగారు. వాళ్లు మనల్ని ఏమీ అనలేదు. అనరు కూడా. ఆ మాట అనాల్సింది మనలో మనమే.

ఇప్పుడు 'చుక్కే కదా' సంగతి చూద్దాం. మాటలొద్దు, లీటరు పట్టే మగ్గు ఒకటి తీసుకోండి. షవర్ కింద పెట్టి గడియారం చూడండి. ఒక గంటలో నిండిందనుకుందాం. అది పెద్ద ధార కాదు, వేగంగా పడే చుక్కలే. గంటకు లీటరంటే రోజుకు 24. ఏడాదికి 8,760 లీటర్లు. 60 ఇళ్ల అపార్ట్‌మెంట్‌లో పది ఇళ్లలో ఇలా ఉంటే ఏడాదికి 87,600 లీటర్లు. 12,000 లీటర్ల లారీలు ఏడు పైచిలుకు. ఏడు లారీలు గేటు దగ్గర నిలబెట్టి, గొట్టం విప్పి, నీళ్లు నేరుగా మోరీలోకి వదిలితే ఊరుకుంటారా? సెక్రటరీ గారి మీద పడి రక్కేయరూ? అదే పని ఏడాది పొడవునా నిదానంగా జరిగితే ఎవరికీ పట్టదు.

ఎందుకు పట్టదంటే, ఈ ఊళ్లో చాలా ఇళ్లకు నీటి మీటరే లేదు. అపార్ట్‌మెంట్‌లో లారీ ఖర్చు ఇళ్లమధ్య సమంగా పంచుతారు. నా షవర్ కారితే నష్టంలో అరవైలో ఒక వంతు నాది, మిగతా యాభై తొమ్మిది వంతులు ఇరుగుపొరుగువి. బాగుచేయిస్తే ఖర్చు మాత్రం మొత్తం నాదే. ఇక ఎవడు బాగుచేయిస్తాడు? ఇది మనుషుల చెడ్డతనం కాదు, లెక్కలో ఉన్న చెడ్డతనం. లెక్క మారకపోతే నీతులెన్ని చెప్పినా దున్నపోతు మీద వానే.

మేం ఈ మాట ఎత్తగానే వచ్చే సమాధానాలు కొన్ని ఉన్నాయి. వరసగా చూద్దాం.

ఒకటి: 'మేం కింద బకెట్ పెట్టి ఆ నీళ్లు వాడుకుంటున్నామండీ, వృథా ఎక్కడ?' సంతోషం. మరి రాత్రి బకెట్ నిండి పొర్లినప్పుడు? ఊరెళ్లినప్పుడు? మూతలేని బకెట్‌లో నిలవున్న మంచి నీళ్లంటే డెంగీ దోమకు పుట్టిల్లు. పైగా కారేది వేడినీళ్ల వైపు నుంచైతే, పోతున్నది నీళ్లే కాదు, గీజర్ కాచిన కరెంటు కూడా. బకెట్ పెట్టడం వైద్యం కాదు. జబ్బుకు మంచం వేయడం.

రెండు: 'అద్దె ఇల్లు. ఓనర్ చేయించాలి.' ఓనర్ని అడిగితే 'వాడేది వాళ్లు, వాళ్లే చేయించుకోవాలి' అంటారు. ఇద్దరూ వాట్సాప్‌లో వాదించుకున్నంతసేపూ షవర్ వాళ్ల మాట వినకుండా కారుతూనే ఉంటుంది. వాషర్ ఖరీదు ఆ వాదనకు తాగిన కాఫీలంత ఉండదు. ముందు మార్పించండి, తరవాత అద్దెలో తగ్గించుకోండి. ఆ మాట అగ్రిమెంట్‌లో ముందే రాయించుకుంటే ఇంకా మేలు.

మూడు: 'రోడ్డు కింద పైపులు పగిలి ఎంతెంత పోతోంది, మా చుక్కలు మీకు కనబడ్డాయా?' ఈ వాదన అన్నిటికన్నా గట్టిది. కాదనం. వీధి పైపు పగిలితే దానికీ ఫిర్యాదు చేయాలి, గట్టిగా అడగాలి. కానీ వీధి పైపు తాళం మన చేతిలో లేదు. బాత్రూం వాల్వ్ మన చేతిలో ఉంది. పైగా సొంత ఇంటి చుక్క ఆపనివాడు వీధి పైపు గురించి అడిగితే ఆ అడగడానికి బలం ఉండదు.

నాలుగు: 'ప్లంబర్ని పిలిస్తే మొత్తం మార్చాలంటాడు. వేలల్లో అవుతుంది.' ఇదీ నిజమే. అసలు చర్చ ఇక్కడ మొదలుపెట్టాలి. ఏం చెడిందో మనకు తెలియనప్పుడు అవతలివాడు ఏది చెబితే అదే రోగం. పాత స్పిండిల్ ఒక్కటి మార్చాల్సిన చోట వాల్ మిక్సర్ మొత్తం మార్చిన ఇళ్లు మేం చాలా చూశాం. ప్లంబర్ల మీద మాకు కోపం లేదు. చాలామంది నిజాయతీగా పని చేసేవాళ్లే. 'అణ్ణా, వేడినీళ్ల వైపు వాషర్ పోయినట్టుంది, అది చూడు' అని మనం చెప్పగలిగితే ఆయన పనీ సులువు, మన ఖర్చూ తక్కువ. 'ఏదో కారుతోంది, చూడు' అంటే ఆ 'ఏదో'కు ధర చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆయన మొత్తానికి ధర చెబుతాడు.

కాబట్టి పిలవక ముందు మనం చూసుకోవాల్సినవి ఇవి. ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

షవర్ కట్టేశాక కొద్ది నిమిషాలు చుక్కలు పడి ఆగిపోతే అది కారడం కాదు. షవర్ తలలో, దాని గొట్టంలో మిగిలిన నీళ్లు దిగుతున్నాయి. గంట తరవాత కూడా పడుతుంటేనే వాల్వ్ సరిగా మూసుకోవడం లేదని అర్థం. చాలామంది ఇక్కడే పొరబడి షవర్ తల మారుస్తారు. తల నీళ్లు చిమ్మే జల్లెడ మాత్రమే, నీళ్లు ఆపేది అది కాదు. ఆపేది కింద గోడలో ఉన్న వాల్వ్. తల కొత్తది బిగించినా చుక్క పాతదే.

కింద కుళాయి తిప్పినప్పుడు పైన షవర్ నుంచి కూడా నీళ్లొస్తుంటే తప్పు డైవర్టర్‌ది. అన్నీ కట్టేసినా పైన కారుతుంటే తప్పు వేడి వైపుదో, చన్నీళ్ల వైపుదో. ఏ వైపో తేల్చుకోవాలంటే గీజర్ స్విచ్ ఆపేసి, గీజర్‌లోకి నీళ్లు వెళ్లే యాంగిల్ కాక్ కట్టేయండి. కాసేపట్లో చుక్క ఆగిపోతే వేడి వైపు చెడింది. ఆగకపోతే చన్నీళ్ల వైపు. పరీక్ష అయ్యాక కాక్ తెరిచి, నీళ్లు వస్తున్నాయని చూసుకున్నాకే గీజర్ వేయండి. ఇంకో మాట, గీజర్ కాగేటప్పుడు దాని సేఫ్టీ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు పడటం సహజం. వేడికి వ్యాకోచించిన నీళ్లకు అది దారి. దాన్ని కారుతోందని ఎవరూ మూయకండి, ప్రమాదం.

పాత రకం కుళాయిల్లో స్పిండిల్ చివర రబ్బరు వాషర్ ఉంటుంది. అది అరిగినా, గట్టిపడినా నీళ్లు ఆగవు. అర చుట్టు తిరిగే కొత్త రకాల్లో పింగాణీ బిళ్లలు ఉంటాయి. వాటి మధ్య ఇసుక రేణువు చిక్కినా చాలు, కారుతుంది. మన ఊరి బోరు నీళ్లు ఎలాంటివో మీకు చెప్పాలా? ఇడ్లీ పాత్ర అడుగున కట్టే తెల్లటి సున్నమే ఈ వాల్వుల్లోనూ కడుతుంది. అందుకే మద్రాసులో కుళాయి సామాన్లు తొందరగా పోతాయి.

మార్చే పద్ధతి ఇదీ. బాత్రూం వాల్వ్ కట్టేయండి, కుళాయి తెరిచి గొట్టంలో నీళ్లు దించేయండి. మోరీ జాలీ మీద గుడ్డ కప్పండి, లేకపోతే స్క్రూ అందులో పడుతుంది, ఆ తరవాత ఆ రోజంతా దాని వెతుకులాటే. పిడి విప్పి, స్పానర్‌తో స్పిండిల్ తీయండి. తీసినదాన్ని చేత్తో పట్టుకుని హార్డ్‌వేర్ షాపుకు వెళ్లండి. ఫోన్లో ఫొటో చూపిస్తే సరిపోదు, కొలతలు కంపెనీకో రకం. వాషర్ కూర్చునే ఇత్తడి సీటును వేలితో తడిమి చూడండి. గీతలు పడి ఉంటే ఎన్ని వాషర్లు మార్చినా నిలవదు, సీటును సాపు చేయించాలి. కొత్తది బిగించే ముందు వాల్వ్ ఒక్క క్షణం తెరిచి గొట్టంలోని ఇసుకా తుప్పూ బయటికి పోనివ్వండి. ఇవన్నీ కలిపి ఒక ఆదివారం పూట పని. చేతకాకపోతే ప్లంబర్ చేస్తాడు, మీరు పక్కన నిలబడి చూడండి.

కారే కుళాయిని కసిగా బిగించేవాళ్లకు ఒక విన్నపం. ఆపండి. బలం పెట్టినకొద్దీ వాషర్ నలుగుతుంది, సీటు దెబ్బతింటుంది. ఇవాళ ఆగినట్టు కనబడి వచ్చేవారం రెట్టింపు కారుతుంది.

షవర్ నీళ్లు పక్కలకు చిమ్ముతుంటే తల విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం పోయకండి. సున్నంతోపాటు పై మెరుపు పూతను కూడా తినేస్తుంది.

ఇంతవరకూ కంటికి కనబడే దొంగ. గోడలో దాక్కున్నవాడి సంగతి వేరు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కింది ఇంటి సీలింగ్ మీద పసుపు మరక, పెచ్చులు, బూజు. ఆ మరక పెరిగినకొద్దీ రెండిళ్ల మధ్య మాటలు తగ్గుతాయి. మన సంఘంలోనే మరక పుణ్యమా అని పేరంటాలకు పిలుచుకోవడం మానేసిన కుటుంబాలున్నాయి.

మేం దగ్గరుండి చూసిన ఒక సంగతి చెబుతాం, పేర్లు అనవసరం. మూడో అంతస్తు బాత్రూం, రెండో అంతస్తు సీలింగ్. కింద వయసు మళ్లిన దంపతులు. పైన చిన్నపిల్లలున్న కుటుంబం. కాంట్రాక్టరు ఒకాయన వచ్చి, మరక చూసి, పైకి వెళ్లి నేల చూసి, 'టైల్స్ మొత్తం తీసేయాలి, వాటర్‌ప్రూఫింగ్ పోయింది' అని తేల్చేశాడు. పరీక్ష? ఏమీ లేదు. కంటిచూపుతోనే రోగం తేలింది. ఖర్చు ఎవరు పెట్టాలని నాలుగు నెలలు తగాదా నడిచింది.

మేం కలగజేసుకుని రెండిళ్లవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టి అడిగింది ఒక్కటే: 'సుత్తి ఎత్తే ముందు ఒక వారం ఇవ్వండి.' మొదటి మూడు రోజులు పైవాళ్లు షవర్ వాడలేదు, బకెట్ స్నానమే. నేల మీద, మోరీలోకి నీళ్లు మామూలుగానే పోయాయి. మరక ఆరడం మొదలైంది. అంటే నేలా, మోరీ గొట్టమూ కారణం కాదు. ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే సరఫరా పైపు కూడా కాదు, అదైతే ఎవరు స్నానం చేసినా మానినా మరక ఆరదు. నాలుగో రోజు షవర్ వాడారు. మర్నాటికి మరక మళ్లీ చెమ్మగిల్లింది. ఇక మిగిలిందేమిటి? వాల్వ్ తరవాత, షవర్ దాకా వెళ్లే ఆ కాస్త గొట్టం. షవర్ విప్పినప్పుడు మాత్రమే దాంట్లో నీళ్లుంటాయి. ప్లంబర్ వచ్చి గోడలోకి బిగించి ఉన్న షవర్ ఆర్మ్ తిప్పి తీశాడు. మరలకు చుట్టిన టేపు ముక్కలు ముక్కలైపోయి ఉంది. కొత్త ఆర్మ్, మర తిరిగే వైపే చుట్టిన టెఫ్లాన్ టేపు, అరగంట పని. ఒక్క టైలు పగల్లేదు. కింది మరక రెండు వారాల్లో పూర్తిగా ఆరింది. పై ఇంటి అమ్మాయి కిందికి దిగి, 'పిన్నిగారూ, ఇంక భయం లేదండీ' అని చెప్పి వచ్చింది.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఆ కాంట్రాక్టరు మాట విని నేలంతా తవ్వి ఉంటే? కొత్త టైల్స్ వేసేవారు, రంగులు వేసేవారు, షవర్ వాడిన మర్నాడే మరక తిరిగి వచ్చేది. డబ్బు పోయేది, మరక పోయేది కాదు.

అందుకని ఏ బాత్రూంలోనైనా సుత్తి ఎత్తే ముందు ఈ వరస పాటించాలని మా డిమాండ్. మొదట, అన్ని కుళాయిలూ కట్టేసి ఆ బాత్రూం వాడకుండా రెండు మూడు రోజులు చూడండి. ప్రెషర్ పంపు ఉన్న ఇళ్లలో ఎవరూ నీళ్లు వాడని రాత్రివేళ పంపు దానంతటదే తిరిగి ఆగుతుంటే సరఫరా పైపులో ఎక్కడో కారుతోందని అర్థం. రెండోది, నేల తడవకుండా బకెట్ నీళ్లు జాగ్రత్తగా నేరుగా మోరీలో పోసి చూడండి. కింద చెమ్మ వస్తే నహానీ ట్రాప్, దాని గొట్టం చూడాలి. మూడోది, మోరీని గుడ్డతో బిగించి మూసి, నేల మీద అంగుళం నీళ్లు కొన్ని గంటలు నిలవబెట్టండి. అప్పుడు చెమ్మ వస్తేనే టైల్స్ సందుల మీద, వాటర్‌ప్రూఫింగ్ మీద అనుమానం. నాలుగోది, షవర్ వాడి చూడటం. ఒక రోజుకు ఒక్క పరీక్షే, నడుమ చెమ్మ ఆరనివ్వాలి. అన్నీ ఒకే రోజు చేస్తే ఏది దొంగో తెలియదు.

ఇళ్లు కట్టినవాళ్లనూ వదిలిపెట్టం. పైపులన్నీ గోడల్లో దాచేసి, మెరిసే టైల్స్ అంటించి, తాళాలు చేతికిస్తారు. ఏ పైపు ఎక్కడ పోయిందో కాగితం ఇవ్వరు. చాలా చోట్ల బాత్రూంకు విడిగా వాల్వ్ ఉండదు. ఒక ఇంట్లో వాషర్ మార్చాలంటే టెర్రస్ మీద లైను మొత్తం కట్టేయాలి, పైనుంచి కిందిదాకా అన్ని ఇళ్లకూ నీళ్లు బంద్. కొత్త ఫ్లాట్ కొనే తెలుగువాళ్లు వాస్తు చూస్తారు, తూర్పు గుమ్మం చూస్తారు, ఈశాన్యం కొలుస్తారు. బాత్రూం వాల్వ్ ఎక్కడుందని అడిగినవాళ్లను మేం ఇంతవరకూ చూడలేదు. అడగండి. టైల్స్ వేయకముందే గోడల ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆ ఫొటోలు పదేళ్ల తరవాత బంగారం.

ఇక మన అసోసియేషన్లు. మా అసలు ఫిర్యాదు వీటి మీదే. ఎండాకాలం రాగానే అత్యవసర సమావేశం పెట్టి, ఇంకో నాలుగు లారీలకు తీర్మానం చేసి, టీ తాగి లేచిపోతారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టుంది. మేం కోరేవి ఇవి.

మొదటిది రాత్రి పరీక్ష. మోటారు ఆపి, రాత్రి పన్నెండుకు ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటిమట్టం గుర్తు పెట్టండి. నాలుగింటికి మళ్లీ చూడండి. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ట్యాంకులో ఒక సెంటీమీటరు తగ్గితే 60 లీటర్లు పోయినట్టు. నాలుగు సెంటీమీటర్లు తగ్గితే నాలుగు గంటల్లో 240 లీటర్లు. అదే లెక్కన నెలకు 43,200 లీటర్లు, అంటే మూడున్నర లారీలు. అర్ధరాత్రి ఎవరో ఒకరిద్దరు ఫ్లష్ చేసి ఉంటారు, ఒప్పుకుంటాం. అందుకే రెండు మూడు రాత్రులు చూడండి. మూడు నెలలకోసారి ఈ అంకె నోటీసు బోర్డు మీద అంటించండి. లారీల అంకె పక్కనే అంటించండి.

రెండోది, ఆఫీసు గదిలో ఒక డబ్బా. మీ భవనంలో వాడే రకాల వాషర్లు, స్పిండిళ్లు, టెఫ్లాన్ టేపు, ఒక మంచి స్పానర్. చుక్క కనబడిన రోజే ఆగాలి, షాపు తెరిచే దాకా కాదు.

మూడోది, ఏడాదికి రెండుసార్లు ప్లంబర్‌ను అసోసియేషనే పిలిపించి ఇంటింటికీ తిప్పాలి. కూలి అసోసియేషన్‌ది, సామాను ఇంటివాళ్లది. సొంత ఇల్లా, అద్దె ఇల్లా అని అడగొద్దు. ఆ ఖర్చు నాలుగు లారీల ఖర్చు దాటితే మమ్మల్ని వచ్చి అడగండి.

నాలుగోది, పైఇల్లు-కిందిఇల్లు తగాదాల్లో పైన చెప్పిన పరీక్షలు జరగకుండా పగలగొట్టడానికి అనుమతి ఇవ్వకూడదు. బైలాలో రాయండి.

అయిదోది, కష్టమైనదీ అసలైనదీ: ఇంటింటికీ మీటరు. పాత భవనాల్లో ఒక్కో ఇంటికి నాలుగైదు గొట్టాలు దిగుతాయి, మీటర్లు పెట్టడం ఖర్చే. తెలుసు. కానీ 60 ఇళ్లలో ఏ ఇంట్లో కారుతోందో ఆ ఇంటికి తెలిసే దారి ఇంకోటి లేదు. ఈ ఏడాది ఖర్చు లెక్క తీయించండి, వచ్చే ఏడాది మొదలుపెట్టండి.

2003లో ప్రతి ఇంటికీ వాన నీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి అని తమిళనాడు ప్రభుత్వం అన్నప్పుడు కూడా ఇలాగే నవ్వినవాళ్లున్నారు. డాబా మీది వాన ఏ మూలకు సరిపోతుందన్నారు. తరవాత బావుల్లో నీళ్లు పైకి వచ్చాయి, నవ్వినవాళ్లూ ఆ నీళ్లే తోడుకున్నారు. ఆకాశం నుంచి పడే చుక్కను పట్టుకోవాలని చట్టం చేసిన ఊళ్లో, గొట్టం నుంచి పడే చుక్కను వదిలేయడం ఏం న్యాయం?

కృష్ణ నీళ్ల కోసం రాయలసీమ రైతు కూడా ఎదురుచూస్తున్నాడని మనకు తెలుసు. మనలో సగంమందికి కర్నూలులోనో, కడపలోనో, నెల్లూరులోనో అన్నదమ్ములున్నారు. వాళ్ల పొలాల పక్కనుంచి వచ్చిన నీళ్లివి. సభలో ఆ నదికి దండం పెట్టడం తేలికే, మైకు చాలు. ఇంట్లో పెట్టే దండానికి ఒక స్పానర్ కావాలి.

వచ్చే నెల సమావేశంలో ఈ అయిదు అంశాలూ తీర్మానంగా పెడుతున్నాం. వ్యతిరేకించేవాళ్లు రండి, వాదించండి. వచ్చేటప్పుడు మీ ట్యాంకు రాత్రి అంకె కూడా తెండి. అంకె లేకుండా వచ్చి 'చుక్కే కదా' అనేవాళ్ల మాట మాత్రం మినిట్స్‌లో రాయం.